వంద వాట్ల సెట్టు, నూట ఇరవై చూపించే మీటరు

మొన్న ఆదివారం పొద్దున్నే నరసరావుపేట నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. హ్యామ్ లైసెన్సు, అంటే సరదాకు సొంత రేడియో స్టేషను నడుపుకునే అనుమతి, చేతికొచ్చి ఏడాది కాలేదు. మేడ మీద 7 మెగాహెర్ట్జ్‌కు డైపోల్, అంటే నడుమ కేబుల్ తగిలించే తీగ యాంటెన్నా, కట్టుకున్నాడు. పిట్టగోడకీ కొబ్బరిచెట్టుకీ మధ్య చోటు చాలక తీగ రెండు చివర్లూ కిందికి వంచాడు. దాంతో యాంటెన్నా ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అది చూపే అడ్డు, సెట్టుకు కావలసిన 50 ఓమ్‌ల దరిదాపుల్లో లేదు. సరే అని ఆ తేడాను సెట్టుకు సర్దిపెట్టే ట్యూనర్ పెట్టాడు. తర్వాత ఒక పవర్ మీటరు కొన్నాడు. టెన్షన్ అక్కడ మొదలైంది.

"అన్నా, నా సెట్టు వంద వాట్లది కదా. మీటరు 120 చూపిస్తోంది."

"రిఫ్లెక్టెడ్, అదే తిరిగొచ్చేది, ఎంత?"

"ముప్పై."

"మీటరు ఎక్కడ పెట్టావు?"

"ట్యూనర్‌కీ యాంటెన్నా కేబుల్‌కీ మధ్య. వంద ఇచ్చే సెట్టు నుంచి 120 ఎలా వస్తుందన్నా? మీటరు డబ్బులు దండగేనా? ఆ ముప్పై వెనక్కొచ్చి సెట్టును కాల్చేయదా?"

మీటరు మంచిదే, సెట్టూ క్షేమమే. కానీ ఆ రెండు ముక్కలతో అతనికి నిద్ర పట్టదు, నాకూ పట్టదు. ఈ చిక్కుముడి విప్పాలంటే అసలు వాట్లను ఎలా కొలుస్తామన్న దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

రేడియో పనిలో మనం వాడే మీటర్లు చాలావరకు వాట్లను నేరుగా కొలవవు. అవి కొలిచేది వోల్టేజీనో, కరెంటునో, వేడినో. మిగతాదంతా లెక్క. స్కేలు మీద వాట్లని అచ్చు వేసి ఉంటుంది కాబట్టి, ఆ లెక్క వెనక ఒక ఊహ ఉందన్న సంగతి మన దృష్టికి రాదు.

పంపుసెట్టు ఉన్న రైతుకు ఈ విషయం కొంత తెలుసు. మోటారుకు కెపాసిటర్ బిగించుకోండని కరెంటాఫీసు వాళ్లు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. మోటారు దగ్గర వోల్టేజీనీ కరెంటునూ కొలిచి గుణిస్తే వచ్చేది వాట్లు కాదు, వోల్ట్-ఆంపియర్లు. కరెంటు వోల్టేజీ కంటే వెనకబడి నడుస్తుంది కాబట్టి, లైనులో పారే కరెంటంతా నీళ్లు తోడదు. కొంత ఊరికే వచ్చి పోతుంటుంది. నిజంగా ఖర్చయ్యే పవర్ కావాలంటే ఆ లబ్ధాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో మళ్లీ గుణించాలి. రేడియో కేబుల్‌లోనూ సూత్రం అదే. వోల్టేజీ, కరెంటు, వాటి మధ్య కోణం తాలూకు కొసైన్, ఈ మూడూ కావాలి. కాకపోతే 50 హెర్ట్జ్ లైనులో తరంగం పొడవు 6,000 కిలోమీటర్లు, కాబట్టి స్తంభం దగ్గర కొలిచినా మోటారు దగ్గర కొలిచినా వోల్టేజీలో పెద్ద తేడా రాదు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం మన కేబుల్‌లో 28 మీటర్లే. మేడ మీదికి పోయే కేబుల్ పొడవే దాదాపు అంత ఉంటుంది. అసలు గొడవ ఇక్కడే ఉంది.

ఏడు మీటర్లు జరిగితే 270 కాస్తా 30

ఇంటర్ ఫిజిక్స్‌లో సోనోమీటర్ తీగ గుర్తుందా? కాగితం ముక్కలు పెడితే ప్రస్పందన బిందువు దగ్గరిది ఎగిరి పడుతుంది, అస్పందన బిందువు దగ్గరిది కదలకుండా కూర్చుంటుంది. కేబుల్ చివర లోడ్, ఇక్కడ యాంటెన్నా, కేబుల్‌తో కుదరనప్పుడు అదే జరుగుతుంది. పోయే తరంగం, తిరిగొచ్చే తరంగం కలిసి స్థిర తరంగాలు కడతాయి. ఒకచోట వోల్టేజీ ఎత్తుకు లేస్తుంది, అక్కడి నుంచి పావు తరంగం దూరంలో అడుక్కు పడిపోతుంది.

మన కుర్రాడి అంకెలే తీసుకుందాం. 120 పోతోంది, 30 తిరిగొస్తోంది. ముప్పైని నూట ఇరవైతో భాగిస్తే పావు, దాని వర్గమూలం సగం. అంటే తిరిగొచ్చే తరంగం వోల్టేజీ, పోయేదాంట్లో సగం. గరిష్ఠ వోల్టేజీకీ కనిష్ఠ వోల్టేజీకీ ఉన్న నిష్పత్తి, అంటే ఎస్‌డబ్ల్యూఆర్, సరిగ్గా 3. ఈ కేబుల్‌లో వోల్టేజీ గరిష్ఠంగా ఉన్నచోట సుమారు 116 వోల్టులు, కనిష్ఠంగా ఉన్నచోట 39 వోల్టులు. మామూలు ఆర్‌జీ-58 కేబుల్‌లో ఈ రెండింటి మధ్య దూరం దాదాపు ఏడు మీటర్లు.

ఇప్పుడు ఒక డయోడు, ఒక కెపాసిటర్ పెట్టి వోల్టేజీని మాత్రమే చూసే చవక మీటరును ఈ లైనులో పెట్టారనుకోండి. అది వోల్టేజీని వర్గం చేసి 50తో భాగించి వాట్లని చెబుతుంది. యాంటెన్నా బదులు పెట్టే 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ మీద పెడితే అది చెప్పేది నిజమే, ఎందుకంటే అక్కడ 50 ఓమ్‌లు నిజంగానే ఉన్నాయి. ఈ లైనులో మాత్రం గరిష్ఠ బిందువు దగ్గర 270 వాట్లంటుంది. ఏడు మీటర్లు అవతల 30 అంటుంది. అదే సెట్టు, అదే యాంటెన్నా, అదే నిమిషం! గరిష్ఠ బిందువు దగ్గర ఇంపెడెన్స్ 150 ఓమ్‌లు, కనిష్ఠం దగ్గర 16.7. మీటరు రెండుచోట్లా 50 అనుకుంది. ఊహ తప్పింది, అంకె తప్పింది.

సరే, ఒక అమ్మీటరు కూడా పెడదాం. ఆ రెండు బిందువుల సరిగ్గా మధ్యలో, గరిష్ఠానికి మూడున్నర మీటర్ల దూరంలో కొలిస్తే 86.6 వోల్టులు, 1.73 ఆంపియర్లు వస్తాయి. గుణిస్తే 150. ఇది కూడా తప్పే, ఎందుకంటే అక్కడ వోల్టేజీకీ కరెంటుకూ మధ్య 53 డిగ్రీల కోణం ఉంది. పవర్ ఫ్యాక్టర్ 0.6. దాంతో గుణిస్తే 90. కెపాసిటర్ లేని పంపుసెట్టు కథే.

ఈ 90 అన్నది గుర్తు పెట్టుకోండి. కేబుల్‌లో నష్టం లేదనుకుంటే, దాని పొడవునా ఎక్కడ సరిగ్గా కొలిచినా వచ్చేది అదొక్కటే. గరిష్ఠ వోల్టేజీని కనిష్ఠ వోల్టేజీతో గుణించి 50తో భాగించినా అదే 90 వస్తుంది. మైక్రోవేవ్ ల్యాబుల్లో గాడి కోసిన లైను మీద ప్రోబ్‌ను జరుపుతూ గరిష్ఠం, కనిష్ఠం వెతకడం వెనక ఉన్నదీ ఈ స్థిర తరంగాలే. మేడ మీద కేబుల్‌కు గాడి కోయలేం కదా. అందుకే వేరే ఉపాయం పట్టారు.

మీటరుకు దిశ ఎలా తెలుస్తుంది?

ముందుకు పోయే తరంగంలో వోల్టేజీ, కరెంటు కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. తిరిగొచ్చే తరంగంలో కరెంటు గుర్తు తిరగబడుతుంది. అందుకని ఒకే బిందువు దగ్గర వోల్టేజీ నమూనా ఒకటి, కరెంటు నమూనా ఒకటి తీసుకుని, కరెంటును 50తో గుణించి రెండూ కలిపితే తిరిగొచ్చేది కొట్టుకుపోతుంది, పోయేది మిగులుతుంది. తీసేస్తే పోయేది కొట్టుకుపోయి, తిరిగొచ్చేది మిగులుతుంది. కరెంటు కోసం ఒక ఫెర్రైట్ రింగు, వోల్టేజీ కోసం రెండు కెపాసిటర్లు, రెండు డయోడ్లు చాలు. కాలిన్స్ రేడియో ఇంజినీరు వారెన్ బ్రూనీ 1959 ఏప్రిల్‌లో క్యూఎస్‌టీ అనే అమెరికా హ్యామ్ పత్రికలో ఈ అమరికను విడమరిచి రాశాడు. ఇవాళ హ్యాముల బల్లల మీద కనిపించే మీటర్లలో చాలావాటికి మూలం అదే. బర్డ్ 43 అనే మీటరులో ఇదే పనిని బొటనవేలంత బిళ్లలో దాచిన చిన్న లూప్ చేస్తుంది. బిళ్ల మీద బాణం గుర్తుంటుంది. దాన్ని యాంటెన్నా వైపు తిప్పితే ఫార్వర్డ్, సెట్టు వైపు తిప్పితే రిఫ్లెక్టెడ్.

గరిష్ఠ బిందువు దగ్గరి అంకెలతో చేత్తో చేసి చూద్దాం. వోల్టేజీ 116.2. కరెంటు 0.775 ఆంపియర్లు, దాన్ని 50తో గుణిస్తే 38.7. కలిపి సగం చేస్తే 77.5. దాని వర్గాన్ని 50తో భాగిస్తే 120. తీసేసి సగం చేస్తే 38.7. వర్గం చేసి భాగిస్తే 30. మన వాడి మీటరు చూపించినవి ఇవే. లైనులో ఎక్కడ పెట్టినా ఇవే వస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. రెండు సంఖ్యల మొత్తాన్ని వర్గం చేసి, అందులోంచి తేడా వర్గాన్ని తీసేస్తే ఏం మిగులుతుంది? హైస్కూల్ సూత్రమే, రెండింటి లబ్ధానికి నాలుగు రెట్లు. ఇక్కడ ఆ రెండు సంఖ్యలు వోల్టేజీ, కరెంటు. కోణం ఉన్న సంఖ్యలతో ఇదే లెక్క చేస్తే కొసైన్ కూడా దానంతటదే వచ్చి చేరుతుంది. అంటే ఫార్వర్డ్‌లోంచి రిఫ్లెక్టెడ్ తీసేస్తే మిగిలేది వోల్టేజీ, కరెంటు, పవర్ ఫ్యాక్టర్ మూడింటి లబ్ధం. ఆ పెట్టెలో కూర్చున్నది మారువేషంలో ఉన్న వాట్‌మీటరే! నూట ఇరవైలోంచి ముప్పై పోతే తొంభై.

ఈ తేడా ఎంత గట్టిదో చూపించే ఒక తమాషా ఉంది. మనలో కొందరు డబ్బు ఆదా కోసం డీటీహెచ్‌కు వాడే ఆర్‌జీ-6 కేబుల్ వేస్తారు. అది 75 ఓమ్‌లది. దాని చివర సరిగ్గా 75 ఓమ్‌ల లోడ్ ఉంటే ఆ కేబుల్‌లో తిరిగొచ్చే తరంగమే లేదు. అయినా 50 ఓమ్‌ల మీటరు పెట్టి 100 వాట్లు పంపితే అది ఫార్వర్డ్ 104.2, రిఫ్లెక్టెడ్ 4.2 అంటుంది, ఎస్‌డబ్ల్యూఆర్ 1.5 అంటుంది. లేని తరంగాన్ని ఎక్కడి నుంచి తెచ్చింది? అది తన 50తోనే లోకాన్ని చూస్తుంది మరి. అయితే తీసివేసి చూడండి, సరిగ్గా 100. విడివిడిగా ఆ రెండు అంకెలూ మీటరు ఏ ఓమ్‌లకు తయారైందన్న దాని మీద ఆధారపడతాయి. తేడా ఆధారపడదు. అందుకే ఫార్వర్డ్ ఒక్కటీ చూసి "నా సెట్టు 120 కొడుతోంది" అనడం, రిఫ్లెక్టెడ్ ఒక్కటీ చూసి "30 దండగ" అనడం రెండూ నాకు నచ్చవు.

మరి ఆ ముప్పై ఎక్కడికి పోతోంది?

ఎక్కడికీ పోవడం లేదు. ట్యూనర్ సరిగ్గా కుదిరినప్పుడు తిరిగొచ్చిన 30 దాన్ని దాటి సెట్టులోకి వెళ్లలేదు. ట్యూనర్ దాన్ని మళ్లీ యాంటెన్నా వైపు తిప్పుతుంది. సెట్టు వైపు నుంచి కొత్తగా వచ్చే 90, తిరిగొచ్చి మళ్లీ బయల్దేరే 30, కలిపి 120. ఫార్వర్డ్ సెట్టు రేటింగును దాటడానికి కారణం ఇంతే. ఆర్‌సీఏ అనే అమెరికా రేడియో కంపెనీలో ఇంజినీరుగా పనిచేసిన హ్యామ్ వాల్టర్ మాక్స్‌వెల్ 1973 నుంచి క్యూఎస్‌టీలో వ్యాసాల మీద వ్యాసాలు రాసి ఈ భయాన్ని పోగొట్టాలని చూశాడు. యాభై ఏళ్లు దాటినా అది పోలేదనడానికి నా ఫోనే సాక్ష్యం.

ట్యూనర్ లేకపోతే కథ వేరు. అప్పుడు కూడా తిరిగొచ్చిన వాట్లన్నీ ట్రాన్సిస్టర్లలో వేడిగా దిగుతాయని లెక్క కట్టడం సరికాదు. సెట్టుకు కనిపించే ఇంపెడెన్స్ మారుతుంది. దాన్ని బట్టి ట్రాన్సిస్టర్ల మీద వోల్టేజో కరెంటో హద్దు మీరొచ్చు. అందుకే ఇప్పటి సెట్లు ఎస్‌డబ్ల్యూఆర్ పెరగ్గానే తమంతట తామే పవర్ తగ్గించుకుంటాయి.

మంచి ఎస్‌డబ్ల్యూఆర్, చచ్చిన యాంటెన్నా

ఇప్పటిదాకా కేబుల్‌లో నష్టం లేదనుకున్నాం. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది చిన్న అబద్ధం. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పెద్ద అబద్ధం, నన్ను నెల రోజులు మోసం చేసిన అబద్ధం.

చాలా ఏళ్ల కిందట మా మేడ మీద రెండు మీటర్ల బ్యాండుకు ఒక వర్టికల్, అంటే నిలువు యాంటెన్నా, పెట్టాను. ఇంట్లో మిగిలిన ఆర్‌జీ-58 ముప్పై మీటర్లు ఉంటే అదే లాగాను. కింద మీటరులో ఎస్‌డబ్ల్యూఆర్ 1.7. మొదటి ప్రయత్నానికి బాగానే వచ్చిందని సంబరపడ్డాను. రెండు వీధుల అవతల ఉన్న మిత్రుడు తప్ప నా మాట ఎవరికీ వినపడలేదు. బ్యాండు బాగాలేదన్నాను, మధ్యలో అపార్ట్‌మెంట్లు లేచాయన్నాను. చివరికి ఒక సాయంత్రం మేడెక్కి పై ప్లగ్గు విప్పితే, మధ్య తీగ పిన్నుకు అతుక్కునే లేదు. టంకం వేసింది నేనే. అంటే నెల రోజులూ కేబుల్ చివర యాంటెన్నాయే లేదు.

మరి 1.7 ఎలా వచ్చింది? ఆ కేబుల్ ముప్పై మీటర్లు ఆ ఫ్రీక్వెన్సీలో సుమారు 6 డెసిబెల్స్ తినేస్తుంది. కింద 100 పంపితే పైకి చేరేది 25. చివర ఏమీ లేదు కాబట్టి ఆ 25 మొత్తం తిరుగుతుంది. కిందికి వచ్చేసరికి మళ్లీ నాలుగో వంతు, 6.25 మిగులుతుంది. మీటరు 100కి 6.25 చూసి 1.67 అంటుంది. మీటరు చెప్పింది అక్షరాలా నిజం. ఫార్వర్డ్‌లోంచి రిఫ్లెక్టెడ్ తీసేస్తే 93.75, ఆ వాట్లన్నీ లైనులోకి వెళ్లాయి. కాకపోతే కేబుల్‌ను వెచ్చబెట్టాయి. తేడా చెప్పేది ఆ బిందువు దాటి అవతలికి పోయిన పవర్‌ను మాత్రమే. అవతల దాన్ని ఎవరు తిన్నారో అది చెప్పదు.

అందుకే పొడవాటి కేబుల్ ఉంటే ఒక్కసారైనా మీటరును పైకి మోసుకెళ్లి యాంటెన్నా మొదట్లో పెట్టి చూడమంటాను. ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. కింద ఒక మీటరు కేబుల్ ముక్క అదనంగా కలపండి. ఎస్‌డబ్ల్యూఆర్ మారకూడదు, మహా అయితే వెంట్రుకవాసి తగ్గాలి. గణనీయంగా మారిందంటే కేబుల్ బయటి అల్లిక మీద కరెంటు పారుతోందని అనుమానించాలి, లేదా మీటరునే అనుమానించాలి.

మీటరును అనుమానించడానికి కారణాలూ ఉన్నాయి. అందులో పోయే తరంగం పూర్తిగా కొట్టుకుపోదు, కొంచెం రిఫ్లెక్టెడ్ వైపు కారుతుంది. దీన్ని డైరెక్టివిటీతో కొలుస్తారు. అది 20 డెసిబెల్సే ఉన్న మీటరులో పోయే వోల్టేజీలో పదో వంతు కారుతుంది. అసలు ఎస్‌డబ్ల్యూఆర్ 1.22 ఉన్నచోట అలాంటి మీటరు 1.0 నుంచి 1.5 దాకా ఏదైనా చూపించగలదు. ఎస్‌డబ్ల్యూఆర్ 1.1 వచ్చిందని కేకు కోసే ముందు డమ్మీ లోడ్ మీద అదే మీటరు ఎంత చూపిస్తుందో చూసుకోవడం మంచిది.

ఇక స్కేలు తప్పు. కుర్రాడి మీటరు 200 వాట్లది. దాని కాగితంలో రాసింది, స్కేలు చివరి విలువలో 5 శాతం అని. చదివిన అంకెలో కాదు, చివరి విలువలో. అంటే ముల్లు ఎక్కడున్నా 10 వాట్లు అటూ ఇటూ. 120 అంటే 110 నుంచి 130. 30 అంటే 20 నుంచి 40. మనం ఇంత నమ్మకంగా చెప్పుకున్న 90 అసలు 70 నుంచి 110 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఎస్‌డబ్ల్యూఆర్ 3 అన్నది 2.3 నుంచి 4 మధ్య. రెండు పెద్ద అంకెల్లోంచి తేడా తీస్తే తప్పులు రెండూ వచ్చి ఆ చిన్న అంకె నెత్తినే కూర్చుంటాయి.

పెద్ద ట్రాన్స్‌మిటర్ల దగ్గర ఈ చిక్కును పక్కనపెట్టి వేడిని కొలిచే పద్ధతి ఒకటుంది. పవర్‌ను నీళ్లు పారే లోడ్‌లోకి పంపుతారు. నిమిషానికి 10 లీటర్లు పారుతూ 14 డిగ్రీలు వేడెక్కితే సుమారు 9.8 కిలోవాట్లు. అక్కడ కోణం లేదు, ఇంపెడెన్స్ లేదు. మీడియం వేవ్ టవర్ దగ్గరైతే అడుగున కరెంటు కొలిచి, వర్గం చేసి, అక్కడి రెసిస్టెన్స్‌తో గుణిస్తారు. లోడ్ దగ్గరే కొలుస్తున్నారు కాబట్టి కేబుల్ మాట మధ్యలోకి రాదు.

ఇదంతా ఫోన్లో చెప్పేసరికి గంట పట్టింది. కుర్రాడు మొత్తం విని మెల్లగా అడిగాడు.

"అన్నా, మీటరును తీసి సెట్టుకీ ట్యూనర్‌కీ మధ్య పెట్టి కూడా చూశాను. అక్కడ 100, సున్నా. ట్యూనర్ దాటాక 90 అంటున్నావు. ఆ పది ఏమైనట్టు?"

మంచి ప్రశ్న. అయితే పది వాట్ల తేడా ఆ మీటరు తప్పులోనే మునిగిపోతుంది. పది ఉండొచ్చు, అసలేమీ లేకపోవచ్చు, పాతిక కూడా ఉండొచ్చు. ముల్లును చూసి తేల్చలేం.

"ఎఫ్‌టీ8లో, ఆ కంప్యూటరు సంకేతాల పద్ధతిలో, పావుగంట నడుపు. తర్వాత సెట్టు పూర్తిగా ఆపేసి, ట్యూనర్ మూత తీసి, కాయిల్ మీద వేలు పెట్టి చూడు" అన్నాను.

ఇరవై నిమిషాలకు మళ్లీ ఫోన్ మోగింది.

"అన్నా, కాలుతోంది."